ఆంజనేయుడి కండలే చూస్తారేం?

ఈమధ్య ఏ కారు వెనక అద్దం చూసినా ఆంజనేయస్వామే. నలుపూ కాషాయమూ కలిసిన బొమ్మ, ముడిపడ్డ కనుబొమలు, మింగేసేలా చూపు. పిల్లల ఫోన్లలోనూ ఆయనే. పలకలు తేలిన ఛాతీతో కొండలు విసురుతుంటాడు, కోటలు కూలుస్తుంటాడు. ఒక్క మాట మాట్లాడడు, ఒక్క క్షణం ఆలోచించడు. మా రోజుల్లో టీవీలో మేం చూసిన హనుమంతుడు ఈయన కాడు.

రామానంద్ సాగర్ రామాయణం దూరదర్శన్‌లో 1987 జనవరి 25న మొదలైంది. 1988 జూలై 31 దాకా ఆదివారం ఆదివారం పొద్దున్నే వచ్చేది. టీవీ ఉన్న ఇంటి గుమ్మం ముందు చెప్పులు గుట్టలు పడేవి. మాటలు హిందీలో, మా వీధిలో సగం మందికి హిందీ రాదు. అయితేనేం, ఆ సంభాషణల్లో సంస్కృతం పాలు ఎక్కువ. హరికథలూ పురాణాలూ విని పెరిగిన చెవులకి అర్థమైపోయేది. అర్థం కానిచోట పక్కనున్న పెద్దావిడ చెప్పేది.

హనుమంతుడి వేషం దారాసింగ్‌ది. అప్పటికే అరవైకి దగ్గరపడ్డ మల్లయోధుడు. మన సినిమాల్లో ఆ వేషానికి పేరుపడ్డ అర్జా జనార్దనరావుదీ కండలు తిరిగిన దేహమే. దేహం చూసే వేషం ఇచ్చారనుకుందాం. కానీ దారాసింగ్ మాకు చూపించింది దేహం ఒక్కటే కాదు. రాముడు మాట్లాడుతుంటే చేతులు జోడించి, చివరి మాట దాకా విని, అప్పుడు నోరు విప్పే మనిషిని చూపించాడు. ఆ వినడంలోనే హనుమంతుడి తెలివి ఉంది. దాన్ని గుర్తించినవాళ్ళు మా రోజుల్లోనూ తక్కువే. ఇప్పుడైతే మరీ కరువు.

మాకు కలిసొచ్చింది మధ్యలో ఉన్న వారం రోజులు. ఆదివారం చూసిన ఘట్టాన్ని సోమవారం అరుగు మీద కూచుని పెద్దలు మళ్ళీ విప్పేవారు. వాల్మీకంలో ఏముందో చెప్పేవారు. ఋశ్యమూకం దగ్గర మారువేషంలో వచ్చిన హనుమంతుడు నాలుగు మాటలు మాట్లాడగానే, రాముడు లక్ష్మణుడితో ఏమన్నాడో అలాగే తెలిసింది నాకు. వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడు, వ్యాకరణం ఎన్నోసార్లు విన్నవాడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు అంటాడు రాముడు. ఆయన హనుమంతుణ్ణి మెచ్చుకున్న మొట్టమొదటి సంగతి మాట. సముద్రం దాటడం ఆ తర్వాతి సంగతి.

లంకలో చూడండి. అశోకవనంలో చెట్టుకొమ్మ మీద నక్కి, ఏ భాషలో పలకరించాలని మథనపడతాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే సీతమ్మ తనని రావణుడనుకుని హడలిపోతుంది. అందుకని మామూలు మనుషులు మాట్లాడుకునే మాటల్లో, ముందుగా రాముడి కథ ఎత్తుకుంటాడు. భయంతో వణికిపోతున్న మనిషితో ఎలా మాట్లాడాలో ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

వనం పాడుచెయ్యడం కూడా కోతిచేష్ట కాదు. సామ దాన భేద దండోపాయాల్లో ఈ రాక్షసుల దగ్గర పనికొచ్చేది ఏదని ఒక్కొక్కటే తూచి, చివరిది ఎంచుకుంటాడు. శత్రువు బలమెంతో తెలుసుకుని వెళ్ళాలని ఆయన ఎత్తు. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రానికి కట్టుబడితే, రాక్షసులు తెలివితక్కువగా పైన మామూలు తాళ్ళు బిగించారు. తాళ్ళు పడగానే అస్త్రం వదిలిపోయింది. హనుమంతుడికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. ఈడ్చుకెళ్ళనివ్వండి, రావణుడి ముందుకే కదా అనుకున్నాడు. తెంచుకోగల కట్లని తెంచుకోకుండా ఓర్చుకోవడానికి కండలు చాలవు.

నాకన్నిటికన్నా ఇష్టమైనది విభీషణ శరణాగతి. శత్రువు తమ్ముడు వచ్చి గగనంలో నిలబడ్డాడు. నమ్మకూడదన్నాడు సుగ్రీవుడు. పరీక్షించాలన్నాడు అంగదుడు. వేగులవాణ్ణి పెడదామన్నాడు శరభుడు. వేళకాని వేళ వచ్చాడు, అనుమానించాల్సిందే అన్నాడు జాంబవంతుడు. అందరిదీ అయ్యాక హనుమంతుడు మొదలుపెట్టాడు. ఎదురుగా వచ్చి పేరు చెప్పుకున్నవాడి మీద వేగెందుకు? ఉన్నపళాన గుచ్చిగుచ్చి అడిగితే మంచివాడి మనసు విరిగి, చేతికొచ్చిన స్నేహం పోతుంది. కపటం ఉన్నవాడి ముఖం అంత ప్రసన్నంగా ఉండదు, గొంతు అంత నిబ్బరంగా ఉండదు. పైగా వాలిని కొట్టి సుగ్రీవుడికి పట్టం కట్టారని విన్నాడు, తనకీ రాజ్యం దక్కుతుందని వచ్చి ఉంటాడు. ఇంత చెప్పీ, ఆపైన నిర్ణయం మీదే అని రాముడికి వదిలాడు. ఎవరినీ చిన్నబుచ్చలేదు. ఇవాళ టీవీ చర్చల్లో ఒకరి మీద ఒకరు పడి అరిచేవాళ్ళు ఈ ఒక్క సభ చదివితే చాలు.

యుద్ధం ముగిశాక భరతుడి మనసులో ఏముందో ముఖం చూసి కనిపెట్టి రమ్మని రాముడు పంపిందీ ఈయన్నే. అంత సున్నితమైన పని కండబలం చూసి అప్పగిస్తారా?

2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ ఆ సీరియల్ మళ్ళీ వేసింది. మా పిల్లలు కాసేపు చూసి, ఎంత నెమ్మదో అని లేచిపోయారు. నెమ్మదేనర్రా, కాదన్నదెవరు? మనిషి ఆలోచించడం కనబడాలంటే ఆమాత్రం వ్యవధి ఉండాలి. అర నిమిషం వీడియోలో గుద్దు పడుతుంది, గద తిరుగుతుంది. విభీషణుడి మీద నలుగురూ నాలుగు మాటలంటుంటే మౌనంగా విన్న హనుమంతుడికి అందులో చోటేదీ? కోపంగా చూసే ముఖమైతే అద్దం మీద అంటించుకోవడానికి బాగుంటుంది. ఆ కోపమే స్వామి అనుకుని పిల్లలు పెరిగితే మటుకు నష్టం మనకే.

మన ఇళ్ళలో పిల్లలకి నేర్పే శ్లోకంలో, ఆంజనేయుణ్ణి తలుచుకుంటే కలిగేవాటిలో మొదట చెప్పింది బుద్ధి. బలం దాని వెనకే వస్తుంది. ఆ వరుస ఊరికే పెట్టలేదు పెద్దలు. అందుకే అమ్మల్లారా, నాన్నల్లారా, లంక కాలిన కథ ఎలాగూ చెబుతారు. దానికి ముందు చెట్టుకొమ్మ మీద కూచుని ఏం మాట్లాడాలా అని ఆలోచించిన కథ చెప్పండి. విభీషణుడి సభలో ఆయనన్న మాటలు ఒక్కొక్కటే చెప్పండి. అవి వింటూ పెరిగిన పిల్లలకి ఎక్కడ నోరు విప్పాలో, ఎక్కడ బలం వాడాలో ఒకరు నేర్పనక్కర్లేదు.