వంకర అరటిపండు, తిన్నని వార్త

లెస్టర్, ఇంగ్లండ్

పెదనాన్న గారికి,

బ్రిటన్‌లో ఒక పత్రిక ప్రకారం దేశమంతా క్షేమం. పక్క పత్రిక ప్రకారం వారం తిరిగేలోగా మునిగిపోతుంది. రెండూ ఒకే తేదీన, ఒకే కొట్లో, ఒకే అరలో అమ్ముడవుతాయి. దీనికి చట్టం అడ్డు చెప్పదు. టీవీ, రేడియో వార్తలు ఏ పార్టీకీ కొమ్ము కాయకూడదని నిబంధన ఉంది, దాన్ని చూసుకోవడానికి ఆఫ్‌కామ్ అనే సంస్థా ఉంది. పత్రికలకు మాత్రం ఆ బాధ లేదు. ఎన్నికలొస్తే ఫలానా పార్టీకి ఓటెయ్యమని మొదటి పేజీలోనే రాసేస్తాయి. తెలుగునాట ఏ పేపరు ఎటువైపో టీకొట్టు దగ్గర తెలుస్తుంది. ఇక్కడ పేపరే చెప్పేస్తుంది కనుక టీ ఖర్చు మిగులు.

1992 ఏప్రిల్ 9న పోలింగ్. ఆ ఉదయం 'ది సన్' పత్రిక లేబర్ పార్టీ నాయకుడు నీల్ కినాక్ తలను ఓ కరెంటు బల్బులో పెట్టి అచ్చేసింది. ఆయన గెలిచేట్టయితే దేశం వదిలి వెళ్ళే ఆఖరి మనిషి దయచేసి లైట్లు ఆర్పి వెళ్ళాలని కింద మనవి. కినాక్ ఓడిపోయారు. 11వ తేదీన, గెలిపించింది తామేనని అదే పత్రిక జబ్బలు చరుచుకుంది. ఐదేళ్ళు తిరిగేసరికి లేబర్ పక్షాన చేరింది. 2009లో మళ్ళీ కన్సర్వేటివ్‌ల దగ్గరికి, 2024లో పోలింగ్‌కు ముందురోజు తిరిగి లేబర్ దగ్గరికి. ఇన్ని కండువాలు మార్చిన ఎమ్మెల్యే మన జిల్లాలో కూడా అరుదే. గాలి ఎటు వీస్తోందో చూసి దూకేవాడికి ఆ గాలి ఊదింది తానేనని చెప్పుకోవడం అలవాటు. ఈ పత్రిక విషయంలోనూ జరిగింది అంతే.

ఉత్తరాలతో కూడా ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 1924 అక్టోబర్ 25న, ఎన్నికలకు నాలుగు రోజుల ముందు, 'డైలీ మెయిల్' ఒక ఉత్తరం బయటపెట్టింది. బ్రిటన్‌లో విప్లవం లేవదీయమని మాస్కో నుంచి సోవియట్ నాయకుడు జినోవియెవ్ ఇక్కడి కమ్యూనిస్టులకు రాశాడట. అది నకిలీ ఉత్తరమనే చరిత్రకారుల అభిప్రాయం. లేబర్ ప్రభుత్వం ఓడిపోయింది, నేరమంతా ఆ ఉత్తరం నెత్తిన పడింది. తమాషా ఏమిటంటే ఆ ఎన్నికల్లో లేబర్‌కు వచ్చిన ఓట్లు వెనకటి కంటే పెరిగాయి. చితికిపోయింది లిబరల్ పార్టీ. ఉత్తరం నకిలీదే, దాని ప్రతాపం గురించిన కథలోనూ సగం అతిశయోక్తే.

కబుర్లు చేరవేయడానికి ఇంతకంటే నాజూకైన పద్ధతీ ఉంది. పార్లమెంటు దగ్గర 'లాబీ' అని పిలిచే విలేఖరుల బృందం 1884 నుంచి ఉంది. చాలా దశాబ్దాలపాటు ప్రధాని తరఫు మనిషి వీళ్ళను కూర్చోబెట్టి సంగతులు చెప్పేవాడు. చెప్పిందెవరో రాయకూడదు, అసలు అలాంటి సమావేశం జరిగిందని కూడా ఒప్పుకోకూడదు. అందువల్లే పేపర్ల నిండా 'విశ్వసనీయ వర్గాలు', 'మంత్రికి సన్నిహితులు' తిరుగుతుంటారు. మంత్రికి అత్యంత సన్నిహితుడు చాలాసార్లు మంత్రే.

ఈ గుసగుసలు మాని టీవీ ముందే మాట్లాడదామని 2020లో ప్రభుత్వం అనుకుంది. 26 లక్షల పౌండ్లు పోసి గది సిద్ధం చేశారు, ప్రతినిధిని నియమించారు, ఆవిడ చేత రిహార్సళ్ళు వేయించారు. డిసెంబరులో ఒక రిహార్సల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో ప్రధాని ఇంట పార్టీ జరిగిందటగా అని సహోద్యోగి అడిగాడు. జవాబు తోచక ఆవిడ నవ్వేసి, అది పార్టీ కాదు, పనిమీద పెట్టుకున్న సమావేశమని చెబితే సరిపోతుందేమోనన్నారు. ఆ వీడియో ఏడాది తర్వాత బయటికొచ్చింది, మర్నాడే రాజీనామా. అసలు సమావేశాలు ఒక్కటీ జరగకుండానే రద్దయ్యాయి. జనం చూసింది రిహార్సల్ ఒక్కటే.

ఏం చెప్పాలన్న దానికంటే ఎప్పుడు చెప్పాలన్నదే పెద్ద విద్య. మంచిరోజు చూసి పని మొదలుపెట్టడం తెలుగువాళ్ళ సొత్తని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ భవనాలు ఇంకా మండుతుండగానే, లండన్‌లో రవాణా మంత్రి సలహాదారు ఒకావిడ తన శాఖవారికి ఈమెయిల్ పెట్టారు. పూడ్చిపెట్టాల్సిన కబుర్లుంటే బయటపెట్టడానికి ఇవాళ చాలా మంచిరోజు, కౌన్సిలర్ల ఖర్చుల సంగతి చూద్దామా అని. అక్టోబరులో అది పేపర్లకెక్కింది. అయినా ఉద్యోగం మరుసటి ఫిబ్రవరి దాకా నిలిచింది. ఇప్పటికీ పార్లమెంటు సెలవులకు ముందురోజు ప్రకటనలు కుప్పతెప్పలుగా వెలువడతాయి. విలేఖరులు అప్పటికే సూట్‌కేసులు సర్దుకుంటూ ఉంటారు.

ఈ విద్యలన్నిటికీ శిఖరం ఇరాక్ యుద్ధం. 2002 సెప్టెంబర్ 24న అప్పటి ప్రధాని బ్లెయిర్ ప్రభుత్వం ఒక నివేదిక విడుదల చేసింది. ఆజ్ఞ వెలువడిన 45 నిమిషాల్లో సద్దాం సేన రసాయన, జీవ ఆయుధాలను ప్రయోగించగలదన్నది అందులో ముఖ్యమైన మాట. బ్రిటన్‌వాళ్ళ చావు 45 నిమిషాల దూరంలో ఉందని మర్నాడు ఒక పత్రిక మొదటి పేజీలో అరిచింది. గూఢచారుల సమాచారం నిజానికి క్షిపణుల గురించి కాదు, యుద్ధభూమిలో కొద్ది దూరం పేల్చే గుండ్ల గురించి. ఆ సంగతి రక్షణ మంత్రికి తెలుసు. పత్రికలను సరిదిద్దడానికి ఆయన ప్రయత్నించలేదు. ఇందులో ప్రభుత్వం ఒక్క ముక్క కూడా అచ్చంగా కల్పించి చెప్పనక్కర్లేకపోయింది. ఏ ఆయుధమో చెప్పకుండా నిమిషాలు మాత్రం చెప్పింది, మిగతాది పాఠకుడి భయం పూర్తి చేసుకుంది. అది ఏ ఆయుధమో వివరించకుండా ఆ మాట నివేదికలో పెట్టి ఉండాల్సింది కాదని 2004లో విచారణ జరిపిన బట్లర్ కమిటీ తేల్చింది. అప్పటికి యుద్ధమూ అయింది, వెతికిన ఆయుధాల నిల్వలు దొరకనూ లేదు.

రెండో నివేదిక, 2003 ఫిబ్రవరి నాటిది, నలభై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దిన మీలాంటివారికి ఎక్కువ నచ్చుతుంది. గూఢచారి సమాచారమంటూ విలేఖరులకు పంచిన ఆ కాగితాల్లో చాలా భాగం ఒక పరిశోధక విద్యార్థి వ్యాసం నుంచి ఎత్తిరాసింది. కామాలు, అచ్చుతప్పులతో సహా దింపేశారు. కాపీ కొట్టేవాడు తప్పులు కూడా కొడతాడన్న సంగతి ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లోనైనా తెలుసు. సొంత కష్టం అక్కడక్కడా ఉంది. మూలంలో 'ప్రతిపక్ష బృందాలు' అని ఉన్నచోట 'ఉగ్రవాద సంస్థలు' అని మార్చారు. దొంగతనాన్ని కేంబ్రిడ్జిలోని ఒక అధ్యాపకుడు పట్టుకున్నాడు. ఆ లోపే అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఆ నివేదికను మెచ్చుకున్నారు కూడా.

ఇక అరటిపండు. వంకర తిరిగిన అరటిపండ్లను యూరోపియన్ యూనియన్ నిషేధించిందని ఇక్కడి పేపర్లు రెండు దశాబ్దాలకు పైగా రాశాయి. కథకు ఆధారం 1994 నాటి 2257 నంబరు నిబంధన. అందులో ఉన్నదల్లా టోకు వ్యాపారానికి నాణ్యత తరగతులు. కాయ 14 సెంటీమీటర్లకు తగ్గకూడదు, అసహజంగా వంకరపోకూడదు, కింది తరగతిలో ఆకార దోషం ఉన్నా పరవాలేదు. మామూలు వంకరకు ఏ శిక్షా లేదు. ఆ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ గురించి ఇలాంటి చమత్కారాలు రాసి పేరు తెచ్చుకున్న విలేఖరుల్లో బోరిస్ జాన్సన్ ఒకరు. 1989 నుంచి 1994 వరకు ఆయన అక్కడ 'డైలీ టెలిగ్రాఫ్' ప్రతినిధి. యూనియన్ నుంచి విడిపోవాలా అన్న 2016 ప్రజాభిప్రాయ సేకరణ ప్రచారంలో, రెండు మూడు కాయలకు మించిన అత్తం అమ్మకూడదట, ఎంత అన్యాయమని ఆయన వాపోయారు. నిబంధనలో ఉన్నది సరిగ్గా తలకిందులు. అత్తానికి కనీసం నాలుగు కాయలుండాలి. వినేవాళ్ళలో చాలామంది వంటింట్లో ఆ పూట కూడా ఐదారు కాయల అత్తం ఉండే ఉంటుంది. అయినా కంటి ఎదుటి పండు కంటే చెవిన పడ్డ పండే ఎక్కువ పనిచేసింది.

అదే ప్రచారంలో ఎర్ర బస్సు మీద రాసిన లెక్క ఇంకొకటి. యూరప్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని. బ్రిటన్‌కిచ్చే రాయితీ పోను అప్పట్లో నిజంగా పంపేది సుమారు 25 కోట్లు, అందులోనూ కొంత రైతులకూ ప్రాంతాలకూ తిరిగొచ్చేది. అంకె తప్పుదోవ పట్టిస్తోందని గణాంకాల సంస్థ అధిపతి చెప్పారు. ఖండించిన ప్రతివాడూ ఆ 35 కోట్లను ఇంకోసారి పలికాడు. బస్సు హాయిగా తిరిగింది.

తప్పు తేలితే దిద్దుబాటు వేస్తారు. అప్పటి రాణి గారు యూరప్ నుంచి విడిపోవడాన్ని సమర్థిస్తున్నారని 2016 మార్చిలో 'ది సన్' మొదటి పేజీలో పెద్ద శీర్షిక. అది తప్పుదోవ పట్టించేదని పత్రికల నియంత్రణ సంస్థ మేలో తీర్పు ఇచ్చింది. తీర్పు పాఠం 2వ పేజీలో వచ్చింది.

డబ్బిస్తే పేజీ కూడా దొరుకుతుంది. చైనా ప్రభుత్వ పత్రిక తయారుచేసిన 'చైనా వాచ్' అనే అనుబంధాన్ని 'డైలీ టెలిగ్రాఫ్' ఏళ్ళ తరబడి డబ్బు తీసుకుని వేసింది, 2020లో మానింది. ఇలాంటి పేజీల మీద ప్రకటన అని చిన్న అక్షరాలు ఉంటాయి. కత్తిరించి ఫార్వర్డ్ చేసినప్పుడు ముందు పోయేవి ఆ అక్షరాలే.

కాబట్టి పెదనాన్న గారూ, మన నాయకుణ్ణి లండన్ పత్రిక ఆకాశానికెత్తిందని ఈసారి మన ఛానల్లో చెబితే, అది విలేఖరి రాసిన వార్తో, ఎవరో పంపిన వ్యాసమో, డబ్బు కట్టి వేయించుకున్న పేజీయో తేలేదాకా కుటుంబం గ్రూపులో పెట్టవద్దని బాబాయికి గట్టిగా చెప్పండి. పత్రిక పేరూ తేదీ పంపితే, ఆ పేజీ మొత్తం, చిన్న అక్షరాలతో సహా, ఫొటో తీసి పంపుతాను.

ఇట్లు,
మీ తమ్ముడి కొడుకు