తగ్గింపులో పోటీ

క్రైస్తవ జీవితంలో గర్వానికి మందు తగ్గింపు, తగ్గింపుకు రుజువు పరిచర్య. చెప్పడానికి ఇంత తేలిక. ఆచరణలో మాత్రం మొదటి పంక్తిలోనే తేడా వచ్చింది. కడరాత్రి భోజనం దగ్గర శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదులాడుకున్నారని లూకా రాశాడు. ఆ రాత్రే గురువు లేచి, నడుముకు తువాలు కట్టుకుని వాళ్ల కాళ్లు కడిగాడని యోహాను రాశాడు.

ఆ కాళ్లు కడగడం తర్వాత వేడుకైంది. ఈస్టరుకు ముందు గురువారం ఇంగ్లండు రాజులు పేదల కాళ్లు కడిగేవారు. 16వ శతాబ్దంలో మొదటి ఎలిజబెత్ రాణీ కడిగింది. కాకపోతే ఆమె వంతు వచ్చేలోగా కోటలో బట్టలుతికేవాళ్లు, ఆపైన దానధర్మాల అధికారులు వరసగా అవే కాళ్లు కడిగి సిద్ధంగా ఉంచారు. మూడుసార్లు కడిగిన కాళ్లను నాలుగోసారి కడగడానికి కూడా తగ్గింపు కావాలి మరి.

రాజులది ఏడాదికొక్కనాటి ముచ్చట. తగ్గింపే నిత్యోద్యోగమైన మఠవాసుల పాట్లు వేరు. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు తన మఠ నియమావళిలో తగ్గింపుకు 12 మెట్ల నిచ్చెన వేశాడు. దాదాపు 600 ఏళ్ల తర్వాత ఫ్రాన్సులో క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు ఆ మెట్లను ఒక పుస్తకంలో వివరించబూని, నిచ్చెనను తలకిందులు చేసి, గర్వానికీ 12 మెట్లు లెక్కపెట్టాడు. మొదటిది ఆరా, అంటే ఊరికే అటూ ఇటూ పోయే కన్ను.

అసలు వినోదం అయిదో మెట్టు మీద ఉంది. అక్కడి మఠవాసికి మంచివాడు కావాలని ఉండదు, పక్కవాళ్లకంటే మంచివాడిగా కనబడాలని ఉంటుంది. భోజనాల దగ్గర కళ్లు పంక్తంతా తిరుగుతాయి. ఎవరైనా తనకంటే తక్కువ తింటుంటే ఓడిపోయినట్టు కుమిలి, తన ముద్ద ఇంకా తగ్గించుకుంటాడు. మొహం ఎంత పాలిపోయిందో తనకు కనబడదు కనక చేతులు చూసుకుంటాడు, పక్కటెముకలు తడుముకుంటాడు. మంచం మీద మెలకువ, ప్రార్థనలో నిద్ర. అందరూ ప్రార్థన ముగించి బయటికి వెళ్లాక గుడిలో ఒంటరిగా మిగిలి, బయటివాళ్లకు వినబడేలా దగ్గుతూ మూలుగుతూ ప్రార్థిస్తాడు. ఈ మనిషిని చూడకుండా ఎవరూ ఇలా రాయలేరు.

తొమ్మిదో మెట్టు దొంగ ఒప్పుకోలు. ఎవరూ నమ్మనంత పెద్ద పాపాలు తన మీద వేసుకోవడం, అది విన్నవాళ్లు అతని వినయాన్ని మెచ్చుకోవడం. దీనికి బెర్నార్డు చెప్పే పరీక్ష సులువు. మఠాధిపతి ఆ మాట నమ్మినట్టు చిన్న శిక్ష వేస్తే చాలు, సణుగుడు మొదలవుతుంది. తెలుగు ప్రార్థన కూటాల్లోనూ ఇది పనిచేస్తుంది: "నేను ఎందుకూ పనికిరాని పాత్రనండీ" అన్న సహోదరుడితో ఎవరైనా "అవునండీ, మేమూ గమనించాం" అంటే సరిపోతుంది.

పుస్తకం చివర బెర్నార్డుకు ఒక సంకోచం వచ్చింది. ఇది రాయమని కోరిన గాడ్‌ఫ్రీ అడిగింది తగ్గింపు మెట్లు, తాను రాసిచ్చింది గర్వపు మెట్లు. తనకు వచ్చిందే తాను నేర్పగలనని జవాబిచ్చుకున్నాడు. ఆ ఒప్పుకోలు తొమ్మిదో మెట్టు కిందికి వస్తుందో రాదో మాత్రం రాయలేదు.