బుద్ధుడి ఇటుకలూ, సర్కారు గుంతలూ

రోడ్లకు నిధుల్లేవంటే ఎవరైనా నమ్మొచ్చు గానీ భట్టిప్రోలు వాళ్లు నమ్మకూడదు. ఇక్కడ నిధులు వెతుక్కునే విద్యకు పెద్ద చరిత్రే ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో రోడ్డు వెయ్యాల్సి వస్తే దొరల పబ్లిక్ వర్క్స్ శాఖ చేతులెత్తెయ్యలేదు. ఊళ్లో రెండువేల ఏళ్లు దాటిన బౌద్ధ స్తూపం దిబ్బగా కనబడింది. ఇటుకలు రోడ్డు కిందికి పోయాయి, పాలరాళ్లు వెల్లటూరు తూము కట్టడానికి పోయాయి. టెండరు లేదు, క్వారీ సీనరేజీ లేదు! 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ వచ్చి మిగిలిన దాన్ని తవ్వితే ధాతు పేటికలూ, కుబీరక రాజు పేరున్న శాసనాలూ బయటపడ్డాయి. తెలుగు లిపి మూలాలు వెతికే పండితులంతా నేటికీ ఆ అక్షరాల దగ్గరికే వస్తారు. రోడ్డు ఇంకో మైలు సాగి ఉంటే అవీ కంకరలో కలిసేవి.

దొరలకు దొరికింది ఒక్క దిబ్బ. ఇప్పటివాళ్లకు బండి ఉన్న ప్రతివాడూ దిబ్బే. పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు నాలుగు రూపాయలు చాలవని 2020 సెప్టెంబరులో ఇంకో రూపాయి రోడ్డు సెస్సు వేశారు. ఆ రూపాయిని చూపించి బ్యాంకు అప్పూ తెచ్చారు. గుంతల్లో బండి ఎంత ఎక్కువ పెట్రోలు తాగితే సెస్సు అంత ఎక్కువ. ఈ లెక్కన రోడ్డు బాగుపడితే ఖజానాకే నష్టం!

ప్రభుత్వం మారింది. 2024 నవంబరులో అనకాపల్లి జిల్లా వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి గుంతలు పూడ్చే పని మొదలుపెట్టి సంక్రాంతి గడువు పెట్టారు. ముహూర్తం దివ్యంగా ఉంది. మా డెల్టా నల్లరేగడిలో గుంతలు పుట్టేది వానాకాలంలో కదా. నేల ఉబ్బుతుంది, రోడ్డు పక్క మార్జిన్ పూడిపోయి నీళ్లు తారు మీదే నిలుస్తాయి, దమ్ము ట్రాక్టరు ఇనుప చక్రాలు మిగతా పని పూర్తి చేస్తాయి. జూన్‌కు ముందే మార్జిన్లలో పూడిక తీస్తే సగం గుంతలు పుట్టవు. కానీ పూడిక తీతకు శిలాఫలకం ఎవరు వేస్తారు? అందుకే పుట్టనిచ్చి, పెరగనిచ్చి, ఆనక కోట్లతో పూడుస్తారు.

అయ్యా, రోడ్ల శాఖవారూ! ఈ మండలం బంకుల్లో సెస్సు కింద ఎంత వసూలైందో, అందులో ఇక్కడి రోడ్ల మరమ్మతుకు ఎంత ఖర్చయిందో ఏటా వానలకు ముందే పంచాయతీ గోడ మీద రాయించండి.