క్వెరీ అన్న

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చూసినా ఒక క్వెరీ అన్న ఉంటాడు. ఆయన హోదా ఏమిటో హెచ్‌ఆర్ వాళ్లకే సరిగ్గా గుర్తుండదు. వెబ్‌సైట్ సజావుగా నడిచినన్నాళ్లూ ఆయన ఊసు ఎవరికీ పట్టదు. పేజీ మధ్యలో చక్రం తిరుగుతూ తిరుగుతూ ఆగకపోతే మాత్రం మేనేజరుతో సహా అందరూ వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడతారు. ఆయన తల తిప్పడు.

"ఏం మార్చార్రా?"

"ఏం ముట్టుకోలేదన్నా."

ఈ మాట నమ్మి దెబ్బతిన్న అనుభవం ఆయనకు బోలెడు. అందుకే మనుషుల సాక్ష్యం వినడం ఎప్పుడో మానేశాడు. లాగ్ చూపించమంటాడు. అక్కడ మొదటి చిక్కు. మైఎస్‌క్యూఎల్‌లో నత్తనడక క్వెరీలను రాసిపెట్టే లాగ్, ఎవరైనా ఆన్ చేస్తే తప్ప పనిచేయదు. ఆన్ చేసినా, హద్దు మార్చకపోతే 10 సెకన్లు దాటినవాటినే పట్టుకుంటుంది. తొమ్మిది సెకన్లు పట్టిన క్వెరీ దాని లెక్కలో మహా చురుకైనది. "ఈలోగా కస్టమర్ ఇంకో యాప్‌లో కొనుక్కుని, చాయ్ తాగుతుంటాడు" అని గొణుక్కుంటూ ఆ హద్దును అర సెకనుకు దించుతాడు.

ఇక తర్వాతి అంకం ఎక్స్‌ప్లెయిన్. క్వెరీకి ముందు ఈ మాట చేరిస్తే, డేటాబేస్ ఏ ఇండెక్స్ పట్టుకుని వెళ్లబోతోందో, సుమారుగా ఎన్ని వరసలు తిరగేయాల్సొస్తుందో ముందే చెప్పేస్తుంది. కుర్రాళ్లు ఇది చూసి మోజుపడతారు. ఆ మోజులో ఒకడు పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్‌కి ముందు ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అని కొట్టాడు. అనలైజ్ అంటే ఊరికే అంచనా కాదు, క్వెరీని నిజంగానే నడిపి చూపిస్తుంది. వరసలన్నీ పోయాయి. ఎంత వేగంగా పోయాయో మిల్లీసెకన్లతో సహా తెరమీద కనిపించింది.

ఆ రోజు నుంచి కొత్తగా చేరినవాళ్లకు క్వెరీ అన్న ఒక దీక్ష ఇస్తున్నాడు. మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్‌లో సేఫ్ అప్‌డేట్స్ అనే ఆప్షన్ ఉంది. వేర్ షరతు మర్చిపోయి అప్‌డేట్, డిలీట్ కొడితే ఒప్పుకోదు. ఆ ఆప్షన్‌కే 'ఐ యామ్ ఎ డమ్మీ' అని మారుపేరు తగిలించింది తయారుచేసినవాళ్లే. అన్న ఎవరిచేతనైనా ఆ మారుపేరే టైప్ చేయిస్తాడు.

కేసుల్లో ఆయనకు ప్రీతిపాత్రమైనది 'రావు' కేసు. కస్టమర్ల టేబుల్‌లో పేరు చివర రావు అని ఉన్నవాళ్లను వెతకమని ఎవరో లైక్ షరతు రాశారు, ముందు శాతం గుర్తు పెట్టి. ఇండెక్స్ పేర్లను మొదటి అక్షరం నుంచి వరసలో పేర్చుకుంటుంది. తోకతో వెతకమంటే దానికి దారి దొరకదు. టేబుల్ మొత్తం చదవాల్సిందే. "పేరును తిరగేసి ఇంకో కాలమ్‌లో పెట్టి, దానికి ఇండెక్స్ వేద్దామా అన్నా?" అని అడిగాడో తెలివైనవాడు.

"వెయ్‌రా. మన కస్టమర్లలో రావుల్ని పక్కన పెడితే మిగిలేదెవరో చెప్పు."

సగం టేబుల్‌ను తెచ్చే వెతుకులాటకు ఇండెక్స్ ఉన్నా డేటాబేస్ చాలాసార్లు దాని మొహం చూడదు. మొత్తం చదవడమే చవక అనుకుంటుంది.

ఫోన్ నంబర్ కేసు ఇంకో రకం. కాలమ్ అక్షరాల రకం. క్వెరీలో నంబర్ చుట్టూ కోట్ గుర్తులు లేవు. ఇక మైఎస్‌క్యూఎల్ ప్రతి వరసలోని నంబర్‌నూ అంకెగా మార్చి పోలుస్తుంది, ఇండెక్స్ ఉండీ లేనట్టే. కనిపించీ కనిపించని రెండు చిన్న గీతలు పెట్టగానే పేజీ పరుగెత్తింది. మేనేజర్ అప్పటికే పెద్ద సర్వర్ కోసం మెయిల్ రాసేశాడు.

లెక్కల విభాగం వాళ్లు వస్తే మాత్రం అన్న కాస్త మర్యాదగా లేచి నిలబడతాడు. రోజువారీ మొత్తం కుదరడంలేదని వాళ్ల గోల. సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తోంది, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. అర్ధరాత్రి పన్నెండు నుంచి ఉదయం 5:30 లోపు వచ్చిన పాల ప్యాకెట్ల ఆర్డర్లన్నీ నిన్నటి ఖాతాలో పడుతున్నాయి. "డబ్బు ఎక్కడికీ పోలేదండీ, నిన్నట్లో ఉంది" అంటాడు ఓదార్పుగా. వాళ్లకు ఓదార్పు కలగదు.

కస్టమర్ల అభిప్రాయాల పేజీది వేరే కథ. తెలుగులో రాసిన మెచ్చుకోలు చక్కగా సేవ్ అవుతోంది. చివర నవ్వు ఎమోజీ పెడితే ఎర్రర్. మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 ఒక్కో అక్షరానికి మూడు బైట్ల దాకానే చోటిస్తుంది. తెలుగు అక్షరానికి మూడు చాలు, ఎమోజీకి నాలుగు కావాలి. నాలుగు బైట్ల యూటీఎఫ్8ఎంబీ4 వచ్చింది 2010లోనే. ఆ టేబుల్ కట్టినవాడు ఈ కబురు వినకుండానే అమెరికా వెళ్లిపోయాడు.

ఇన్ని తెలిసిన మనిషికి ఒకటే బలహీనత. ఏ క్వెరీ నెమ్మదించినా చేయి ముందు ఇండెక్స్ మీదికే పోతుంది. తేదీకి ఒకటి, ఊరికి ఒకటి, తేదీ-ఊరు కలిపి ఒకటి, ఊరు-తేదీ కలిపి మరొకటి. వేసిన ప్రతిసారీ పేజీ వేగం పెరుగుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడతారు. ఆర్డర్ల టేబుల్‌లో కొత్త వరస చేరినప్పుడల్లా ఆ ఇండెక్సులన్నిటినీ కూడా సవరించాలన్న సంగతి చప్పట్లలో వినిపించదు.

దసరా సేల్ రోజు సరిగ్గా అదే జరిగింది. చూడటానికి పేజీలన్నీ పరుగులే, ఆర్డర్ పెట్టు అన్న బటన్ నొక్కితే మాత్రం చక్రం ఆగదు. అన్న టేబుల్ నిర్మాణం తెరిచాడు. ఇండెక్సుల జాబితా తెర దాటి కిందికి పోయింది. కళ్లజోడు పైకి తోసి, కుర్చీ వెనక ఉన్నవాళ్లవైపు మొదటిసారి తల తిప్పి గద్దించాడు.

"ఇన్ని ఇండెక్సులు వేసిందెవడ్రా?"

"మేమేం ముట్టుకోలేదన్నా" అన్నారు అందరూ. ఈసారి అది నిజం.