అర్జెంటప్ప

పెద్దకడుబూరులో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లలో ఒక రకం ఉంటాడు. అర్జెంటప్ప అందాం. వాడు రాసే ప్రతి థ్రెడ్డూ ముందే నడవాలి. లినక్స్‌లో నైస్ విలువ మైనస్ 20 నుంచి 19 దాకా ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ ప్రాసెసర్ సమయంలో వాటా పెరుగుతుంది. మైనస్ 20 తప్ప వేరే అంకె వాడికి తెలీదు. పాత లాగ్ ఫైళ్లు చెరిపే థ్రెడ్డుకూ అదే. మామూలు యూజర్‌కు ఆ విలువ తగ్గించే అధికారం ఉండదు గనక, రూట్ పాస్‌వర్డ్ ఉన్న సీనియర్‌కు రోజూ ఫోను: "అన్నా, శానా అర్జెంటు, బిన్నా చూడన్నా." అందరూ మైనస్ 20లో ఉంటే అందరూ సున్నాలో ఉన్నట్టే. కెర్నెల్ వాటాలు తేల్చేది ఒకరితో ఒకరిని పోల్చే గదా!

పైగా థ్రెడ్డు ఆగిందంటే ప్రాసెసర్ దొరక్కే ఆగిందని నమ్మకమేమిటి? ఆదోని పత్తి యార్డులో అందర్నీ తోసుకుని కాటా ముందుకొచ్చినా, చీటీ రాసే గుమాస్తా టీకి పోతే నిలబడాల్సిందే. 1997లో అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ మళ్లీ మళ్లీ రీసెట్ అయింది ఇందుకే. డేటా బస్సును చూసే పెద్ద టాస్కుకు కావాల్సిన లాక్, వాతావరణ వివరాలు సేకరించే చిన్న టాస్కు చేతిలో ఉంది. దాన్ని కదలనీయకుండా నడిమి టాస్కు ప్రాసెసర్‌ను పట్టుకుంది. ఇంజినీర్లు పెద్దదాన్ని ఇంకా పైకి లేపలేదు. లాక్ వదిలేదాకా చిన్నదానికి పెద్దదాని ప్రాధాన్యం అరువిచ్చే ఏర్పాటును ఆన్ చేశారు. అరువిమ్మంటే మాత్రం అర్జెంటప్ప మొహం చూడాలి!

"మరి పాట తెగకుండా వినిపించాలంటే, మోటారును క్షణం తప్పకుండా ఆపాలంటే తొందర అక్కర్లేదా?" అంటాడు. నిజమే, కావాలి. కానీ ఆ పనులు కాసింత నడిచి నిద్రపోతాయి. వీడి థ్రెడ్డులా లూపు తిరుగుతూ కూర్చోవు. అందుకే లినక్స్, 1 నుంచి 99 దాకా ఉన్న రియల్‌టైమ్ ప్రాధాన్యాల వాళ్లకు సైతం మామూలు అమరికలో సెకనులో 0.95 వంతే ఇస్తుంది. మిగతా 0.05 లేకపోతే, పిచ్చెక్కిన థ్రెడ్డును చంపే కమాండు కొట్టడానికీ దారుండదు.

స్వార్థమంటే మాత్రం నేనొప్పుకోను. సర్వర్ పడుకుంటే అర్ధరాత్రి ఫోనెత్తేది వాడొక్కడే. పక్కవాడి థ్రెడ్డు నెమ్మదిగా ఉందని తెలిస్తే, అడక్కుండానే సీనియర్‌ను బతిమాలి దానికీ మైనస్ 20 పెట్టిస్తాడు. ఆ దెబ్బతో తన థ్రెడ్డుకొచ్చిన వాటా సగమైందని మటుకు వాడికెవరూ చెప్పరు.