ఎంఐఎస్ బుజ్జి

మా అక్కయ్య కొడుకు బుజ్జికి ముప్పై అయిదు దాటాయి. టెక్సాస్‌లో ఫ్రిస్కో అనే ఊళ్ళో ఉంటాడు. ఉద్యోగం బిజినెస్ ఎనలిస్టు. అది జీతం కోసం. జీవితం మాత్రం బీటెక్ పాసైన తెలుగు పిల్లల్ని వెతికి పట్టుకుని ఎంఎస్ ఇన్ ఎంఐఎస్‌లో చేర్పించడానికే అంకితం. ఎంఐఎస్ అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. ఇలాంటివాడు మీ చుట్టాల్లోనూ ఒకడుండే ఉంటాడు. లేకపోతే మీ అదృష్టం.

ఆమధ్య గుడివాడలో పెళ్ళికి వచ్చాడు. బంతిలో నా పక్కన కూర్చున్నాడు. ఎదుటి వరసలో ఒక కుర్రాడు బూరెకి చిల్లు పెట్టి నేతి కోసం చూస్తున్నాడు.

"తమ్ముడూ, ఏ బ్రాంచి?"

"మెకానికల్ అన్నయ్యా."

"కోడింగ్ వచ్చా?"

"అంతగా..."

"అయితే ఎంఐఎస్."

పక్కవాడు సివిల్. వాడికీ ఎంఐఎస్సే. ఆ పక్కపిల్ల కంప్యూటర్ సైన్సు, పైగా కోడింగంటే ప్రాణం అంది. ఇక్కడ దెబ్బ తింటాడనుకున్నాను. "కోడింగ్ వచ్చినవాళ్ళు అక్కడ వీధికి వందమందమ్మా. కోడింగ్ తెలిసి నలుగురితో మాట్లాడ్డం వచ్చినవాళ్ళే కరువు. నువ్వు ఎంఐఎస్ చెయ్యి" అన్నాడు. సాంబారు వచ్చేసరికి మూడు జాతకాలూ తేలిపోయాయి. నెయ్యి వడ్డించేవాడు వచ్చి వెళ్ళిపోయిన సంగతి ఆ మెకానికల్ కుర్రాడు చూసుకోలేదు పాపం.

పెళ్ళంటే సరే. మా పెదనాన్నగారి పదకొండో రోజున, భోజనాలయ్యాక, వాళ్ళ కోడల్ని ఓదార్చడానికి వెళ్ళి, "జీఆర్ఈ స్కోరు అయిదేళ్ళు చెల్లుతుంది అత్తయ్యా, ఏటిసూతకం వెళ్ళాక అప్లై చేసినా మీ చంటికి ఇబ్బంది లేదు" అన్నాడు. ఆవిడ ఏడుపాపి, "క్వాంట్‌లో ఎంత రావాలి బాబూ?" అని అడిగింది. తప్పు వాడొక్కడిదే అని ఎలా అనను?

బుజ్జి ఎంఐఎస్ చదవడానికి 2014లో అమెరికా వెళ్ళాడు. అప్పట్లో మా అక్కయ్య సందేహం ఒక్కటే: "ఎంఐఎస్ మన పోస్టాఫీసులోనే ఉందిగా, నెలనెలా వడ్డీ ఇస్తారు, దానికి అమెరికా ఎందుకురా?" నాకూ అలాంటిదే అనుమానం. మా బ్యాంకులో ఎంఐఎస్ అంటే నెలాఖరుకి హెడ్డాఫీసుకి పంపే తలనొప్పి. అది పంపడం రాక ప్రమోషన్ పోగొట్టుకున్నవాళ్ళని చూశాను గానీ, దాన్ని చదవడానికి సముద్రాలు దాటినవాణ్ణి వీణ్ణే చూశాను. వెళ్ళాక తెలిసింది, డేటాబేసులు, సిస్టమ్స్ ఎనాలిసిస్, ఈఆర్‌పీ, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అన్నీ కలిపి నేర్పుతారని. ఉద్యోగంలో ఏం చేస్తావురా అంటే, "వ్యాపారం వాళ్ళకి ఏం కావాలో కంప్యూటర్ వాళ్ళకి చెప్తాను, కంప్యూటర్ వాళ్ళు ఎందుకు కుదరదంటున్నారో వ్యాపారం వాళ్ళకి చెప్తాను" అన్నాడు. అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య పనే.

ఈ సబ్జెక్టు పుట్టుపూర్వోత్తరాలు నేను సరదాకి చదివాను. మినెసోటా విశ్వవిద్యాలయంలో గోర్డన్ డేవిస్ అనే ప్రొఫెసర్ 1960ల చివర్లో దీనికి పునాది వేశాడట. ఎంఐఎస్ క్వార్టర్లీ అనే పరిశోధన పత్రిక 1977లో అక్కణ్ణుంచే మొదలైందట. ఈ ముక్క బుజ్జికి ఫోన్ చేసి ఉత్సాహంగా చెప్పాను. "మినెసోటానా? చలెక్కువ మావయ్యా" అన్నాడు. అంతటితో చరిత్ర సమాప్తం.

వాడి దగ్గరొక ఎక్సెల్ షీటుంది. సేఫ్ యూనివర్సిటీలు పచ్చరంగు, మోడరేట్ పసుపు, యాంబిషియస్ ఎరుపు. ఫీజు, చలి, ఇండియన్ స్టోరు ఎంత దూరం, గుడి ఎంత దూరం, అన్నిటికీ గళ్ళున్నాయి. పాఠాలు ఎవరు చెప్తారన్న గడి మాత్రం లేదు. అన్నిటికన్నా ముందు గడి సిప్ కోడ్, అంటే కోర్సు ఏ రకమో చెప్పే అంకె. "కోర్సు పేరు చూసి మోసపోకూడదు మావయ్యా. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 మీద కోడ్ చూడాలి. అది స్టెమ్ లిస్టులో ఉంటేనే, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ పన్నెండు నెలల మీద ఇంకో 24 వస్తాయి. ఒక చోట ఎంఐఎస్‌కి వచ్చిందని ఇంకో చోట ఎంఐఎస్‌కి రావాలని లేదు." ఈ మాట మటుకు నిజం, రాసిపెట్టుకోండి. ఆ వెంటనే గొంతు బరువెక్కుతుంది: "మేం చేరినప్పుడు పొడిగింపు 17 నెలలే. 24 చేసింది 2016లో." ఉప్పు సత్యాగ్రహంలో లాఠీదెబ్బలు తిన్నవాడిలా చెప్తాడు.

ఇక ఎస్‌ఓపీ. ఎందుకు చదవాలనుకుంటున్నారో యూనివర్సిటీకి రాసుకునే వ్యాసం అది. వాడి చేతిలో పడ్డ ప్రతి ఎస్‌ఓపీలోనూ అభ్యర్థి "వ్యాపారానికీ టెక్నాలజీకీ మధ్య వారధి" అయిపోవాల్సిందే. మా బెజవాడలో కృష్ణకి అడ్డంగా కనకదుర్గ వారధి ఒక్కటుంది. బుజ్జి కట్టించినవన్నీ నిజంగా లేస్తే కృష్ణలో నీళ్ళు కనపడవు. కథ కూడా ఒక్కటే: చిన్నప్పుడు నాన్న కిరాణా కొట్లో స్టాకు లెక్కలు తేలక పడ్డ అవస్థ చూసి వీడికి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ మీద ప్రేమ పుట్టింది. మా వీధి హెడ్మాస్టరుగారు, "నాకు కొట్టెక్కడిదయ్యా?" అని ఎదురు తిరిగితే, "స్కూల్లో మధ్యాహ్న భోజనం బియ్యం లెక్కలుంటాయి కదండీ" అని సర్దేశాడు.

వీసా మాక్ ఇంటర్వ్యూ చూసి తీరాలి. వాళ్ళకి రాత్రి పదకొండు, మనకి పొద్దున్న తొమ్మిదిన్నర. వీడియోలో బుజ్జి టై కట్టుకుని, ముక్కుతో ఇంగ్లీషు మాట్లాడుతూ, "వై దిస్ యూనివర్సిటీ?" అని గద్దిస్తాడు. మంచినీళ్ళకి లేస్తే కింద గళ్ళ లుంగీ. చదువయ్యాక ఏం చేస్తావంటే వెనక్కొచ్చేస్తానని తడుముకోకుండా చెప్పాలి, లేకపోతే 214(బి) కింద తిప్పి పంపేస్తారంటాడు. తను ఆ రోజు ఏం చెప్పాడో నేనడగలేదు, మేనల్లుడు కదా. వాడిచ్చే జాబితాలో డీఎస్-160, సెవిస్ ఫీజు 350 డాలర్ల రసీదు, వాటి కిందే చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు. 108 వీసా వచ్చాక.

బ్యాంకులో జీవితమంతా గడిపిన నాకు కూడా విద్యారుణం పాఠం చెప్తాడు. "నాలుగు లక్షల దాకా హామీ అక్కర్లేదు మావయ్యా. ఏడున్నర దాటితే ఆస్తి కాగితాలు పెట్టాలి. వడ్డీకి పాత పన్ను పద్ధతిలో ఎనిమిదేళ్ళు మినహాయింపు." ఒరేయ్, ఆ కాగితాల మీద సంతకాలు పెట్టిపెట్టి నా వేళ్ళు అరిగాయిరా అంటే, "అది కాదు మావయ్యా" అని మళ్ళీ మొదలెడతాడు.

అన్నీ అన్నాక ఇదీ చెప్పాలి. ఆగస్టొస్తే వాడింట్లో హాలు కనపడదు. వరసగా పరుపులు, వాటి మధ్య పచ్చడి డబ్బాలు. డల్లాస్ విమానాశ్రయానికి రాత్రి రెండింటికైనా వాడే వెళ్తాడు. బయట దొంగతనంగా పని చేస్తానన్నవాణ్ణి తిట్టి, క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల పని దొరికేదాకా తిండి పెడతాడు. ఓపీటీ మీద ఉద్యోగం లేకుండా 90 రోజులు మించకూడదు కదా, ఆ రోజులు ఎవరికెన్ని అయ్యాయో వాడికి నోటికొచ్చు. డెబ్బై రోజులు దాటిన పిల్లలకి రోజూ ఫోన్ చేస్తాడు. రెజ్యూమే సంగతి ఎత్తడు, అన్నం తిన్నావా అని అడుగుతాడు. నీ గ్రీన్‌కార్డు ఎంతవరకొచ్చిందిరా అని మనమడిగితే మాత్రం సిగ్నల్ సరిగ్గా ఉండదు.

మా అమ్మాయి స్టాటిస్టిక్స్ చదువుతానంది. వారాల తరబడి వాదించాడు. అది వినలేదు, స్టాటిస్టిక్స్‌లోనే చేరింది, బాగానే ఉంది. వాడి షీటులో దాని పేరు పక్కన ఇప్పటికీ "ఎంఐఎస్ (స్టాటిస్టిక్స్)" అని పచ్చరంగులో ఉంది.

సంక్రాంతికి వస్తున్నాడు. మీ ఇంట్లో బీటెక్ పిల్లలుంటే వాడి నంబరు కోసం నన్నడక్కండి. వాడే చేస్తాడు.