పులుపెరిగిన రాయిని
నేను బలపపు రాయిని తొలిచి చేసిన రాచ్చిప్పను. గంజి పోసి, నూనె పట్టించి నన్ను వంటకి సిద్ధం చేసింది మా పెద్దావిడే. చీరల మడతల్లో చుట్టుకుని కాలిఫోర్నియాలోని డబ్లిన్‌కి, కొడుకింటికి తెచ్చుకుంది. పొయ్యి ఆపాక కూడా నాలో పులుసు చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది.

ఆ పులుసే మానేసింది. ఐరన్ హార్స్ ట్రెయిల్ మీద సాయంత్రాలు నడిచే తోటి పెద్దవాళ్లెవరో చెప్పారట, పులుపు ఒంట్లో ఆమ్లం పెంచి ఎముకల్ని గుల్ల చేస్తుందని. కళాయి పోయిన ఇత్తడి గిన్నెని చింతపండు ఏం చేస్తుందో జీవితమంతా చూసిన మనిషి, నమ్మేసింది. "గిన్నెనే తినేసేది ఎముకని వదుల్తుందిటే అమ్మాయ్?" అంది కోడలితో. నేను అల్మరా పై అరకి చేరాను.

ఎముక గిన్నె కాదు. పులుసు దాన్ని తాకనే తాకదు.

"నాలిక్కి పుల్లగా ఉన్నదల్లా ఒంట్లో ఆమ్లం మిగల్చదు అత్తయ్యా" అంది కోడలు. "నిమ్మరసం అరిగాక క్షారమే మిగులుస్తుంది. పులుపన్నదే లేని మాంసం, అన్నం ఆమ్లం వైపు మొగ్గుతాయి."

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆమ్లాన్ని విరిచేందుకు ఎముక తన క్షారాన్ని కొద్దికొద్దిగా ఇస్తూ ఏళ్ల తరబడి అరిగిపోతుందేమోనని 1968లో వాక్‌మన్, బెర్న్‌స్టీన్ 'లాన్సెట్'లో రాశారు. వయసు మీరితే మూత్రపిండాలు ఆమ్లాన్ని బయటికి పంపడంలో నెమ్మదిస్తాయి, నిజమే. అయినా ఊపిరితిత్తులతో కలిసి నెత్తురు పీహెచ్‌ని 7.35–7.45 మధ్యే నిలబెడతాయి. మాంసకృత్తులు ఎక్కువ తింటే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది; పేగులు పీల్చుకునే కాల్షియమూ పెరుగుతుందని తర్వాత తేలింది. తిండిలోని ఆమ్లం వల్లే ఎముకలు గుల్లబారతాయని మాత్రం రుజువు కాలేదు.

నా బెంగ పులుసు గురించి కాదు. అదే భయంతో ఆవిడ పప్పు తగ్గించింది, పుల్లగా ఉందని పెరుగు వదిలేసింది. ఆ వయసులో కండకీ ఎముకకీ అవే కదా ఆధారం! తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న దక్షిణాది వాళ్లలోనే తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ ఎక్కువ, ఒంట్లో విటమిన్ డి కొరత కనబడ్డాయి. అంత ఎండ కాసే చోటే అలా ఉంటే, డబ్లిన్ చలికాలంలో శాలువా కప్పుకుని కిటికీ వెనక కూర్చునే మనిషి మాటేమిటి? అద్దం దాటి వచ్చే ఎండ విటమిన్ డి ఇవ్వదు.

ఆమ్లం లెక్క గట్టిగా చూడాల్సింది మూత్రపిండాల జబ్బున్నవాళ్లకి. అవసరమైతే వాళ్లకి డాక్టర్లే బైకార్బొనేట్ ఇస్తారు. పెద్దావిడ రక్తపరీక్షలో ఆ ఇబ్బంది లేదు, విటమిన్ డి మాత్రం బాగా తక్కువ. మాత్రలు, రాగిజావ మొదలయ్యాయి. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ వచ్చే మంగళవారం. పప్పు, పెరుగు మాననని కోడలికి మాటిచ్చింది. పులుసు సంగతి ఇంకా తేల్చలేదు.